మావయ్యకి పులి కనిపించిన మధ్యాహ్నం

మొన్నీమధ్య మోకాలి నొప్పికి మందు రాయించుకుందామని రాయగడ ఆసుపత్రికి వెళ్ళి చీటీల వరసలో నిలబడి ఉంటే, నా ముందున్న నడివయసు మనిషి, పక్కన భార్యని పెట్టుకుని, కిటికీలోకి తల దూర్చి, తాగుడు మాన్పించే డాక్టరు ఏ గదిలో కూర్చుంటారని, పంచదార ఏ కొట్లో దొరుకుతుందని అడిగినంత మామూలుగా అడిగాడు. లోపలి గుమస్తా తలెత్తకుండానే గది చెప్పాడు, వెనక వరసలో ఒక్కరూ ఆ మనిషి వంక చూడలేదు, చూసినదాన్ని నేనొక్కదాన్నే. మా ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, మా రోజుల్లో ఆ మాట నలుగురిలో అనేవారే కాదు. ఇంటి యజమాని పొద్దున్న లేస్తూనే సీసా కోసం తడుముకుంటున్నా సరే, బయటికి అది గ్యాస్ట్రిక్ ట్రబులు, మరీ ముదిరితే నరాల బలహీనత, అంతే. నా బతుకంతా తాగుడు మాన్పించే పనిలోనే గడిచింది కనక ఆ మనిషి గొంతు విని నాకు సంతోషం వేసింది, ఆ వెంటనే మా మావయ్య గుర్తొచ్చాడు, ఆయన గుర్తొచ్చాక మోకాలి నొప్పి సంగతి డాక్టరుకి సగమే చెప్పి ఇంటికొచ్చేశాను.

మాది విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగంతో వచ్చి రాయగడలో పాతుకుపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, సంతలో కొండజనం మాట్లాడే దేశియా, నాన్న స్టేషన్లో హిందీ, ఇవన్నీ కలిపి మేం మాట్లాడే భాష విని ఊరి నుంచి వచ్చిన చుట్టాలు పొట్ట పట్టుకుని నవ్వేవారు. వాళ్ళు నవ్విన ఆ కలగూరగంపే చివరికి నాకు అన్నం పెట్టింది. నేను బి.ఏ. పూర్తిచేసి బ్యాంకు పరీక్షలకి కుస్తీ పడుతున్న రోజుల్లో, మా రైల్వే కాలనీ వెనక తాగుడు మాన్పించే కేంద్రం ఒకటి తెరిచారు, అక్కడ ఈ భాషలన్నీ వచ్చిన ఆడపిల్ల కావాలని, ఏడాది పాటు నేర్పి ఆ పైన ఉద్యోగం ఇస్తామని తెలిసింది. నాన్నకి మాత్రం అది మింగుడుపడలేదు. "తాగుబోతులకి సుద్దులు సెప్పడం కూడా ఒక ఉద్యోగమేటమ్మీ? రేపు పెళ్ళివారడిగితే ఏటని సెప్పమంటావు?" అని నాలుగు రోజులు గొడవ పెట్టుకున్నారు. ఎప్పుడూ ఆయన మాటకి ఎదురుచెప్పని మా అమ్మ ఐదో రోజు పొద్దున్నే నా చేతికి టిఫిను డబ్బా ఇచ్చి వెళ్ళిరమ్మంది. ఎందుకో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. సెమిలిగుడ దగ్గర అల్యూమినియం కర్మాగారం టౌన్‌షిప్పులో ఎలక్ట్రీషియనుగా ఉన్న తన తమ్ముడు, అంటే మా మావయ్య, ఆవిడ కళ్ళలో కనబడుతూనే ఉన్నాడు.

ఆ కేంద్రం అంతకు ముందు చింతపండు గోదాము. ఎన్నిసార్లు సున్నం వేసినా గోడల్లోంచి పులుపు వాసన పోయేది కాదు, పాఠం మధ్యలో అందరికీ నోరూరేది. మాకు నేర్పిన డాక్టరమ్మ బరంపురం నుంచి వచ్చిన ఒడియా ఆవిడ, పొట్టిగా, నూలు చీరలో, బడి పంతులమ్మలా ఉండేది గానీ, తాగినవాడి వేషం వేయడంలో ఆవిడని మించినవారు లేరు. ఆవిడ కుర్చీలో వాలిపోయి మాట ముద్దగా చేసి కూర్చుంటే, ఎదురుగా కాకుండా కాస్త పక్కవాటుగా కూర్చుని మేం ప్రశ్నలు వేయాలి. కాలేజీలో వక్తృత్వపు పోటీల్లో కప్పులు గెలుచుకున్నదాన్ని కదా, మొదటి రోజు నేను తాగుడు వల్ల కలిగే అనర్థాల మీద పెద్ద ఉపన్యాసం దంచాను. అంతా అయ్యాక ఆవిడ నిజంగానే గుర్రు పెట్టి నిద్ర నటించింది. ఆ తర్వాత నాకు కొన్ని వారాల పాటు నోరు మూసుకుని వినే పాఠమే పెట్టింది, అది నాకు ఎంత కష్టమో మా ఇంట్లో వాళ్ళని అడగాలి.

ఎందుకు తాగుతున్నావని అడగొద్దనేది ఆవిడ. దానికి తాగేవాడి దగ్గర వెయ్యి జవాబులుంటాయి, ఒక్కటీ మనకి పనికిరాదు. ముందుగా అడగవలసింది ఆఖరిసారి ఎప్పుడు తాగావని. ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య ఒళ్ళు ఎదురు తిరుగుతుంది, వణుకు, చెమట, లేనివి కనబడటం, ఫిట్స్, చూసుకోకపోతే ప్రాణమే పోతుంది, అందుకే బోధలన్నీ తర్వాత, ముందు ఆ ఒక్క ప్రశ్న అని మా చేత వల్లె వేయించేది. సొంతవాళ్ళకి మనం కౌన్సెలింగు చేయకూడదన్నది ఆవిడ రెండో నియమం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్ళు అన్నదే అది. ఆ మాట ఇంటికొచ్చి చెబితే అమ్మ తలెత్తకుండా చాటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

ఒకసారి మమ్మల్ని దసమంతపూర్ పక్కన ఒక పల్లెకి తీసుకెళ్ళారు. పంట ఇంటికొచ్చిన సంబరంలో ఒక ముసలావిడ మా అందరికీ ఆకు దొన్నెల్లో లందా, అంటే బియ్యంతో చేసే వాళ్ళ కల్లు, పోసిచ్చింది. తాగుడు మాన్పించే కేంద్రం వాళ్ళం, దొన్నెలు చేత్తో పట్టుకుని దొంగల్లా ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. డాక్టరమ్మ మాత్రం దొన్నె కళ్ళకద్దుకుని, వాళ్ళు పెద్దల పేరు చెప్పి చేసినట్టే కాస్త నేల మీద వొంపి, మిగిలింది ఎంతో మర్యాదగా పక్కన కూర్చున్న ఆ ఇంటాయన చేతిలో పెట్టింది. ముసలావిడ నొచ్చుకోలేదు సరికదా, మా డాక్టరమ్మ గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. వాళ్ళు మొక్కే దాని జోలికి పోవద్దు, మనకి కావలసింది మనిషి అని జీపులో వస్తూ ఆవిడ అన్నది. అప్పటికి నాకు ఆ మాట మర్యాద కోసం చెప్పినట్టే వినిపించింది.

ఇక మావయ్య సంగతి. ఆయన పనిలో దిట్ట, ఇంట్లో నవ్వులపువ్వు, నాకు చిన్నప్పుడు సైకిలు నేర్పిందీ, నేను పడితే నాకంటే ముందు ఏడ్చిందీ ఆయనే. తాగుడు మొదట షిఫ్టు దిగాక ఉండేది, తర్వాత షిఫ్టు ఎక్కే ముందుకి వచ్చింది, చివరికి పొద్దున్న ఒక గుక్క పడితే తప్ప చేతులు నిలకడగా ఉండని స్థితికి చేరింది. కరెంటు పని చేసే చేతులు అవి. ఇంటిగుట్టు లంకకు చేటని మా అత్త ఎవరికీ చెప్పకుండా పొట్టంగి నాటువైద్యుడి దగ్గర వేళ్ళు తెచ్చి సాంబారులో కలిపింది, ఒట్లు వేయించుకుంది, అలిగి పుట్టింటికి వెళ్ళి తనే తిరిగొచ్చింది. చివరికి కార్తీకంలో మా నాన్న కాళ్ళ మీద పడి, మావయ్యకి అయ్యప్ప మాల వేయమని అడిగింది. నాన్న ఏటేటా కొండకి వెళ్ళే గురుస్వామి, ఈ ప్రాంతపు తెలుగు వాళ్ళలో చాలామందికి ఆయన చేతుల మీదుగానే మాల పడేది. బావమరిదిని తాగుబోతని ముఖం మీదే అనేవారు గానీ, అత్త ఏడుపు చూసి సెలవు పెట్టి టౌన్‌షిప్పుకి వెళ్ళి, ఆయన మెడలో మాల వేసేశారు.

నేనప్పుడు శిక్షణలో భాగంగా పొట్టంగిలో ఉన్నాను, నాకు ఇదేమీ తెలియదు. మాల వేసిన మూడో రోజున, మావయ్య క్వార్టరులో స్వాములకి భిక్ష పెడుతున్నారు, వంటసాయానికి వచ్చాను, నువ్వూ రా అని అమ్మ కబురు పెడితే, బస్సెక్కి మధ్యాహ్నం వేళకి చేరాను. వీధి మొదట్లోనే శరణుఘోష వినిపించింది. గుమ్మం నిండా జనం, దారి చేసుకుని లోపలికి వెళితే, పీఠం ముందు నల్లబట్టల్లో మావయ్య. కార్తీకమాసపు చలిలో చెమటతో తడిసిపోయి, ఒళ్ళంతా ఊగిపోతూ, గది మూలకి చూపు నిలిపి, "పులి... అదిగో పులి" అంటున్నాడు.

ఇంకేముంది, అయ్యప్ప వాహనమే కనిపించిందంటే అనుమానమేమిటి, గదిలో అందరూ సాష్టాంగపడ్డారు. మొదటి రోజు వణుకు చన్నీళ్ళ స్నానం వల్లనని, రెండో రోజు వణుకు భక్తి వల్లనని అనుకున్నారట, మూడో రోజుకి సాక్షాత్తూ స్వామే పూనాడని తేలిపోయింది. పక్క క్వార్టరు ఆవిడ కూతురి పెళ్ళెప్పుడు అవుతుందని అడిగింది, ఒక ఫిట్టరు తన బదిలీ సంగతి అడిగాడు, మావయ్య పులి అన్నప్పుడల్లా దానికి ఎవరికి కావలసిన అర్థం వాళ్ళు తీసుకుంటున్నారు. మా అత్త హారతి పళ్ళెం పట్టుకుని గోడవారగా నిలబడి ఉంది. ఎన్నో ఏళ్ళుగా వీధిలో తలొంచుకుని నడిచిన మనిషి, ఇవాళ తన మొగుడి కాళ్ళకి ఊరు మొక్కుతుంటే ఆవిడ ముఖం వెలిగిపోతోంది. కానీ అప్పటికే మావయ్య వేళ్ళు తన పంచె మీద నుంచి ఏవో ఏరి పారేస్తున్నాయి, మధ్యమధ్య "సీమలు, సీమలు" అని గొణుగుతున్నాడు. పులంటే స్వామివారిది, మరి చీమలెవరివి? ఆ ప్రశ్న ఆ గదిలో ఎవరికీ రాలేదు.

నేను అత్త పక్కకి వెళ్ళి ఆఖరిసారి ఎప్పుడు తాగాడని అడిగాను. ఆవిడ గర్వంగానే చెప్పింది. "మాలేసిన ముందురోజు దాకా తాగీసినాడమ్మీ. మాలేసిన కాడి నుంచీ సుక్క ముట్టలేదు, అయ్యప్ప సాచ్చి." వేళ్ళ మీద లెక్కపెట్టాను, డాక్టరమ్మ చెప్పిన రోజులు సరిగ్గా అవే. సొంతవాళ్ళ నియమం ఒకటి నాకు తెలుసు, కానీ అది కౌన్సెలింగుకి, ఇది ప్రాణం. శరణాలు చెప్పిస్తున్న నాన్న చెయ్యి పట్టుకుని పెరట్లో కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి, వెంటనే కోరాపుట్ ఆసుపత్రికి తీసుకెళ్ళాలని చెప్పాను.

నల్లబట్టలు, గడ్డం, నుదుట విభూతి, ఆయన ముందు నిలబడాలంటే మామూలుగా నాకూ జంకే. "సామి మీదకొచ్చిన మనిషిని ఆస్పత్రికి పట్టుకెళ్తావేటి? బుద్దుందేటి నీకు? పీఠం ముందు నుంచి లేపీసి, మాల తీసీసి... ఈ ఇంటికి అరిష్టం కాదేటి?" అని కేకలేశారు. అప్పుడు దసమంతపూర్ దొన్నె నా మనసులోకి వచ్చింది. స్వామి రాలేదని నేను ఒక్క మాట అనలేదు. "సామి వచ్చేరో లేదో నాకు తెలీదు నాన్నా. ఒళ్ళు మాత్రం మావయ్యది. ఆ ఒళ్ళు ఇంక ఆగదు. ఫిట్స్ వచ్చీస్తాయి, పేణం పోతాది. మాల తియ్యక్కర్లేదు, మాలతోనే తీసుకెళ్దాం" అన్నాను. నా గొంతు వణకలేదు, అది నాకిప్పటికీ గర్వమే.  నాన్న లోపలికి వెళ్ళి మావయ్య మణికట్టు పట్టుకున్నారు. ఆ నాడి వేగం వేళ్ళకి తగిలేసరికి ఆయన ముఖంలో గురుస్వామి పోయి బావగారు వచ్చాడు.

ఈలోగా ఒక పెద్దస్వామి అడ్డొచ్చి, ఆసుపత్రిలో ఇంజెక్షనుకి ముందు స్పిరిట్ దూది రాస్తారు, అది సారా జాతే, దీక్ష భంగమవుతుందని ధర్మసందేహం తీశాడు. నాన్న మావయ్య చంకల కింద చేతులు వేసి లేపుతూ, "అది కడుపులోకి పోదు సామీ, తోలు మీద పూస్తారు. అదీ దోసమంటే ఆ దోసం నా మీద ఎయ్యండి. అమ్మి సెప్పింది, అయిపోనాది" అన్నారు. నా శిక్షణ పూర్తయినట్టు ఆ తర్వాత కాగితం ఇచ్చారు, ఫ్రేము కట్టించుకున్నాను కూడా, కానీ నా మటుకు నేను నెగ్గింది ఆ పూటే.

ఎదురింటాయన జీపు సెమిలిగుడ కూడలిలో లారీల మధ్య ఇరుక్కున్నప్పుడు మావయ్యకి ఫిట్స్ వచ్చాయి. అత్త బెదిరిపోయి తాళాలగుత్తి ఆయన చేతిలో కుక్కింది, ఇనుముతో నష్టమేం లేదు గనక దాన్ని నేను వద్దనలేదు, ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టనీయకుండా చూశాను. తల నాన్న ఒళ్ళో ఉంది. శరణం శరణం అంటూ వచ్చిన మనిషి శరణాలు ఆపి, తన నల్ల కండువాతో బావమరిది నురగ తుడుస్తూ కూర్చున్నారు.

ఆసుపత్రిలో మమ్మల్ని చూసిన కుర్ర డాక్టరు మా వేషాలు గానీ మాలలు గానీ పట్టించుకోకుండా, ఆఖరిసారి ఎప్పుడు తాగాడు అని మొట్టమొదట అదే అడిగాడు. చింతపండు గోదాములో మేం వల్లె వేసిన ప్రశ్న. నేను నోరు తెరిచేలోపల మా అత్త, గ్యాస్ట్రిక్ ట్రబులని ఊరంతా చెప్పుకొచ్చిన అత్త, వార్డులో అందరికీ వినబడేలా ఒడియాలో ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. చెప్పాక గోడకి ఆనుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మందులు పడ్డాక పులి ముందు వెళ్ళిపోయింది, చీమలు మర్నాటి దాకా ఉన్నాయి. స్పిరిట్ దూది రాసినా మాల మాత్రం మెడలోనే ఉంది, నర్సమ్మలు ఆయన్ని స్వామీ స్వామీ అంటూనే సూదులు పొడిచారు.

ఈ కథంతా చెబితే మా డాక్టరమ్మ నవ్వుతుందనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. ఆ మాల మీ మావయ్యకి మనం ఇవ్వలేనిది ఏమిచ్చిందో ఆలోచించమంది. ఆలోచిస్తే తెలిసింది. మాల ఉన్నన్నాళ్ళూ ఆయన్ని ఎవరూ తాగడానికి రమ్మనరు, పొయ్యమనరు, ఒక్క చుక్కతో ఏమవుతుందని భుజం తట్టరు, టీకొట్టు దగ్గర కూడా పక్కకి జరిగి చోటిస్తారు. అలాగైతే మాల తీసిన రోజు ఆయన ఎవరవుతాడు, అని ఆవిడ రెండో ప్రశ్న వేసింది. మండలం నిష్ఠగా ఉండి, కొండ నుంచి దిగి మాల తీసిన సాయంత్రమే బాకీ తీర్చుకున్నట్టు తాగేవాళ్ళు మా ఎరికలో బోలెడుమంది, అందుకే ఆ ప్రశ్న నాకు ముల్లులా గుచ్చుకుంది. మావయ్యని నా తోటి కౌన్సెలరుకి అప్పగించాను, నియమం నియమమే. కానీ ఆ ప్రశ్న మాత్రం ఇంటికి తెచ్చి నాన్న ముందు పెట్టాను. 

కొండకి వెళ్ళొచ్చి అందరికీ మాలలు తీసిన రోజున, మావయ్య మెడలోంచి మాల తీశాక నాన్న ఆయన్ని ఎప్పటిలా ఏరా బావమరిదీ అనలేదు. "సామీ, రండి, కూడు తిందారి" అన్నారు. మావయ్య పరాకనుకుని చుట్టూ చూశాడు, పరాకు కాదు. మర్నాడూ అదే పిలుపు, మరుసటి నెలా అదే. వయసులో చిన్నవాడు, వరసకి బావమరిది, నోటికొచ్చినట్టు ఆటపట్టించే హక్కున్న చుట్టరికం, అయినా నాన్న పోయేదాకా ఆయన్ని సామీ అనే పిలిచారు. అది విని టౌన్‌షిప్పులో వాళ్ళూ అదే అలవాటు చేసుకున్నారు, సారా కొట్టు వాడు కూడా అదే పేరుతో నవ్వుతూ పలకరించేవాడట, సామీ అని పిలిచాక సీసా ఎలా చూపిస్తాడు? మావయ్య ఒకసారి జారాడు, ఇది కథ కాదు కనక అదీ చెప్పాలి. ఆ పూట ఆయన తూలుతూ రాయగడ వచ్చి మా గుమ్మంలో నిలబడితే, నాన్న చెయ్యి పట్టుకుని "సామీ, కాళ్ళు కడుక్కోండి" అన్నారే గానీ ఇంకో మాట అనలేదు. మర్నాడు పొద్దున్నే మావయ్య తనంతట తనే మా కేంద్రానికి నడిచాడు, ఆ తర్వాత మళ్ళీ ముట్టలేదు.

నాన్న పోయిన రోజు, అందరూ వెళ్ళిపోయాక, రిటైరై తల నెరిసిన మావయ్య అరుగు మీద నా పక్కన కూర్చుని, "ఇంక నన్ను సామీ అని ఎవులు పిలుస్తారమ్మీ?" అన్నాడు. ఎన్నో వందలమంది తాగేవాళ్ళ ముందు కూర్చున్నదాన్ని, ఆ ప్రశ్నకి జవాబు మాటల్లో చెప్పేది కాదని తెలుసు. మర్నాడు కాఫీ ఇస్తూ నేనే పిలిచాను. కూతురు లాంటి దాని నోట ఆ పిలుపు విని ఆయన గ్లాసు కింద పెట్టేసి, ముఖం కండువాలో దాచుకున్నాడు. సైకిలు మీంచి నేను పడ్డప్పుడు ఏడ్చినట్టే ఏడ్చాడు.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు మాకంటే బాగా చదువుకున్నారు, మంచి మందులొచ్చాయి, ఫోను తీస్తే చాలు సలహా దొరుకుతుంది, సిగ్గు కూడా చాలావరకు వదిలింది. ఇదంతా కావాలనే మేం ఊళ్ళు తిరిగాం, నాకు ఇందులో ఏ చింతా లేదు. ఒక్కటే అనిపిస్తుంది. మా కాలనీల్లో ఎవరు తాగుతున్నారో అందరికీ తెలిసేది, దానికి సిగ్గుపడి చచ్చేవాళ్ళం, కానీ ఎవరు మానేశారో కూడా అందరికీ తెలిసేది. ఇవాళ మానేసిన మనిషి ఒంటరిగా మానేసి, ఎవరికీ తెలియకుండా తన ఇంటి తాళం తనే తీసుకుని లోపలికి వెళుతున్నాడు. ఆఖరి రోజుల్లో రోజూ నా చేతి కాఫీ తాగిన మావయ్య పోయి రెండేళ్ళు దాటింది. ఏ రోజైనా పొద్దున్నే కాఫీ కలిపి వెనక్కి తిరిగి, సామీ అనబోయి, ఆగిపోతాను.